మూడో గ్లాసు

ప్రెషూర్ ఊరు దాటగానే కొండ వచ్చి వంతెన మీద కూర్చుంది. రాత్రి పెలే కొండ మీద గట్టి వాన పడితే పొద్దుటికి వాగులో నీళ్లకు బదులు బురదా బండరాళ్లూ దిగుతాయి. ఈ దీవిలో అది వింత కాదు. మా వ్యాను డ్రైవరు కిందికి దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆ బురదను కాసేపు చూసి, మళ్లీ వచ్చి సీట్లో వెనక్కి వాలి టోపీ మొహం మీదికి లాక్కున్నాడు. ఎప్పుడు కదులుతామని ఎవరూ అడగలేదు. అడిగితే తిట్టినట్టు.

నాకు తొందరేమీ లేదు. ఆ రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో అక్కడిదాకా పోయి, సముద్రాన్ని చూసి వెనక్కి రావడం నాకున్న పాత జబ్బు. రోడ్ల చివర్లకు వెళ్లినవాళ్లు రాసిన పుస్తకాలు చాలా చదివాను. అందరూ అక్కడ ఏదో కనుక్కున్నామనే రాశారు. నాకు మాత్రం ఎప్పుడు వెళ్లినా ఒక కుక్కా, బోర్లించిన పడవా కనిపిస్తాయి. కుక్క మారుతుంది, పడవ మారదు.

ఎండెక్కేసరికి వ్యాను పెనంలా కాలింది. అందరం దిగి బాదం చెట్టు కింద చేరాం. సంతలో చేమదుంపలు అమ్ముకుని వస్తున్న మాన్ యుదోక్సీ అనే ఆవిడ తలగుడ్డ విప్పి విసురుకుంటూ దేవుణ్ణీ డ్రైవర్నీ వంతులవారీగా తిడుతోంది. అప్పుడు వెనక సీట్లోంచి ఒక పెద్దాయన దిగాడు. పొడుగు మనిషి, ఎండబెట్టిన వెనిల్లా కాయలా నల్లగా, సన్నగా, ముడతలు పడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెడదాకా బొత్తాలు, చేతిలో చెక్క పెట్టె. ఏ పల్లెకో పోతున్న వైద్యుడనుకున్నాను. ఆయన పెట్టెను పిట్టగోడ మీద పెట్టి మూత తీశాడు. లోపల తువ్వాళ్లలో చుట్టిన సీసాలు, గ్లాసులు, మూత ఉన్న స్టీలు గ్లాసు, జాలీ, చిన్న కత్తి, జాజికాయా దాన్ని గీరే తురుముడు రేకూ, పక్కన ఒక కవ్వం. లెలే చెట్టు కొమ్మను కొస దగ్గర ఐదు వేళ్లుగా చీలినచోట కోసి చేసినది, పాతబడి నున్నబడినది.

డ్రైవరు రోడ్డు చివరి చేపలవాడి కోసం గోనె సంచిలో చుట్టిన ఐసు దిమ్మను వ్యానులో తీసుకెళ్తున్నాడు. పెద్దాయన దాని వంక చూశాడు. డ్రైవరు టోపీ కిందినుంచే, ఎలాగూ కరిగిపోతోంది, తీసుకోమన్నాడు. మాన్ యుదోక్సీ బుట్టలో అల్లమూ నిమ్మకాయలూ మిగిలాయి. పక్క తోటవాడు కొబ్బరి బోండాలు దింపి ఇచ్చాడు. ఇక ఆయన పని మొదలుపెట్టాడు.

ఆ పని చూడడానికి బాగుంది. అల్లం దంచి పిండాడు, నిమ్మరసం కలిపాడు, చెరకు పాకం వేశాడు, బోండాం నీళ్లు పోశాడు, ఐసు వేసి మూత బిగించి ఊపాడు. ఊపుతుంటే భుజం కదలలేదు, తల కదలలేదు; కదిలినదంతా మణికట్టే. లోపల ఐసు చప్పుడు ముందు గులకరాళ్లలా ఉండి, తర్వాత ఇసుకలా మారింది. ఆ మార్పు వినగానే ఆపి, గ్లాసుల్లోకి వంచి, పైన జాజికాయ గీరాడు. చల్లగా, ఘాటుగా, ఎండను మరిపించేలా ఉంది. అందులో రమ్ము మాత్రం లేదు. రమ్ము సీసాను గోడ మీద దూరంగా నిలబెట్టి, కావలసినవాళ్లు పోసుకోమన్నాడు.

మాన్ యుదోక్సీ గ్లాసు పైకెత్తి చూసింది. "మందు పొయ్యకుండా ఇస్తావేంటయ్యా, నేనేమన్నా బడిపిల్లనా?"

"సీసా అక్కడుంది కదమ్మా. చెయ్యి మీ దగ్గరే ఉంది."

"ఈ చెయ్యి పొద్దుటినుంచీ దుంపలు మోసింది. నువ్వే పొయ్యి."

"నేను పొయ్యను."

"ఓహో. పెళ్లి చేస్తాడట గానీ కాపరానికి పంపడట." అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వుతూ ఆయన మొహంలోకి చూసింది. నవ్వు సగంలో ఆగింది. "నువ్వు క్లొతేర్ తమ్ముడివి కాదూ? తెలెస్ఫోర్‌వి?"

ఆయన అవునన్నట్టు తల ఊపాడు. ఆవిడ గ్లాసును మెల్లిగా, చప్పుడు కాకుండా గోడ మీద పెట్టేసి, తలగుడ్డ మళ్లీ కట్టుకుని, చెట్టుకు అవతలి వైపు వెళ్లి కూర్చుంది. ఎండకు ఆవిడ పెదాలు పగిలి ఉన్నాయి; అయినా ముట్టుకోలేదు. తెలెస్ఫోర్ ఆ గ్లాసు తీసుకుని చెట్టు మొదట్లో వంపి, కడిగి, తుడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. ఎన్నోసార్లు చేసిన పనిలాగే చేశాడు.

తర్వాత నా పక్కకు వచ్చి, ఎక్కడిదాకా పోతున్నారని అడిగాడు. రోడ్డు చివరిదాకా అన్నాను. తానూ అటే, వాగుకు అవతలి పల్లె అన్నాడు. బురద మోకాళ్లలోతే ఉంటుందనీ, కలిసి దాటుదామా అనీ అడిగాడు. బూట్లు చేతుల్లో పట్టుకుని దిగాం.

ఈ దీవిలో రోజంతా రమ్ముకు వేళలున్నాయి, వేళకో పేరుంది. లేవగానే తాగేది ఒకటి, పదకొండింటిది ఒకటి, క్రీస్తు ప్రాణం విడిచిన మూడు గంటల వేళది ఒకటి. అన్నిటికంటే ముఖ్యమైనది పయనం చుక్క. ఎవరింటికి వెళ్లినా లేచేముందు గ్లాసులో ఒక చుక్క పోసుకుని తాగాలి. అదే సెలవు తీసుకోవడం, నోటితో చెప్పక్కర్లేదు. ఇన్ని వేళలున్నా పద్ధతి ఒకటే. ఇంటాయన సీసా, నిమ్మకాయ, చక్కెర పాకం, కవ్వం, గ్లాసు తెచ్చి ముందు పెడతాడు. అంతటితో ఆయన పని అయిపోతుంది. కలుపుకోవడం ఎవరికి వాళ్లదే. "ఎవరి చావు వాళ్లే కలుపుకోవాలి" అని నవ్వుతూ అంటారు. మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను. చాలా ఏళ్లు ఇక్కడ ఉన్నాక, నవ్వుతూ అనే మాటలను ఇక్కడివాళ్లు నవ్వులాటగా తీసుకోరని తెలిసింది.

బురదలో నడుస్తూ తెలెస్ఫోర్ తన సంగతి చెప్పాడు. అడుగు తీసి అడుగు వెయ్యడానికి సమయం పట్టేది కాబట్టి మాటలకూ మధ్యలో ఖాళీలు పడ్డాయి.

కుర్రతనంలోనే దక్షిణం వైపు బీచి హోటళ్లకు పోయాడు. పళ్లేలు మోశాడు, గ్లాసులు కడిగాడు, ఒక ముసలి బారు మనిషి దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ ముసలాయన నేర్పింది ఒకటేనట: ఐసు చప్పుడు వినడం. మిగతాది నాలుక చెబుతుందట. జామ, అనాస, సీతాఫలం చుట్టమైన ముళ్ల పండు, క్రిస్‌మస్ రోజుల్లో ఎర్ర గోంగూర పూల రెక్కల షరబతు, వీటన్నిటిలో ఏ దేశంవాడికి ఏది నచ్చుతుందో మనిషి స్టూలు మీద కూర్చునే తీరును బట్టి తెలెస్ఫోర్ చెప్పేవాడు. కొత్త పెళ్లికూతుళ్ల పేర్లు పెట్టి పానీయాలు చేశాడు. వాళ్లు ఫొటోలు తీసుకుని వెళ్లిపోయేవారు. ఆయన పేరు మాత్రం ఎవరూ పూర్తిగా పలకలేదు. తెలీ, తెలీ అనేవారు. బారుకు అవతలివాళ్లతో కూర్చుని తాగడం పనివాళ్లకు నిషేధం. పని అయ్యాక గదికి పోతే ఒక్కడే. పెళ్లి చేసుకోలేదు. గదిలో ఏమీ కలుపుకునేవాడు కాదట, నిమ్మకాయ పిండిన నీళ్లు తాగి పడుకునేవాడట.

హోటలువాళ్లు తనను బారు మనిషిని చేసి తెల్ల కోటు ఇచ్చిన ఏడాది అన్న క్లొతేర్ కొత్త ఇల్లు కట్టాడు. గచ్చు చేసిన నేల, రేకు కప్పు, కడలివైపు అరుగు. తెలెస్ఫోర్ ఆ కోటు వేసుకునే వచ్చాడు, ఈ పెట్టె పట్టుకునే వచ్చాడు. ఊరంతా ఉంది. అరుగు మీద నిలబడి అందరికీ కలిపి ఇస్తానన్నాడు. ఊళ్లో అలా ఎవరూ చెయ్యలేదు. మగవాళ్లు గ్లాసులు అందుకుని పక్కన పెట్టారు. క్లొతేర్ నవ్వుతూ, నా చావు నేనే కలుపుకుంటానురా తమ్ముడూ అన్నాడు. ఊరు గొల్లుమంది. ఆ నవ్వులో తమ్ముడి మొహం చిన్నబోవడం చూసి వదిన సెరఫీన్ ముందుకు వచ్చి చెయ్యి చాపింది. ఇన్నేళ్లలో నాకెవరూ ఏదీ కలిపి చేతికివ్వలేదు, ఇటివ్వు అంది. కడదాకా తాగింది. అంచున అంటుకున్న జాజికాయ పొడిని వేలితో తీసి నాకింది.

ఇక్కడ ఆయన ఆగాడు. వాగు నడిమధ్యలో ఉన్నాం. బురద కింద నీళ్లు పోతున్న చప్పుడు కాళ్లకు తెలుస్తోంది.

"అప్పుడు వంతెన లేదు," అన్నాడు. "ఆ వానల్లోనే. ఇక్కడే దాటుతుంటే."

అన్న ఒక్క మాట అనలేదట. వదిన శవజాగారం రోజు వచ్చినవాళ్లందరి ముందూ గ్లాసు పెట్టారు, తెలెస్ఫోర్ ముందు లేదు. గడబిడలో మరిచిపోయారనుకున్నాడు. పెద్దల పండక్కి వచ్చాడు. మళ్లీ ఒకటి తక్కువ. ఈస్టరుకు వచ్చాడు, తక్కువే. తిట్టలేదు, పొమ్మనలేదు, కూర్చోవద్దని కూడా అనలేదు. గ్లాసు మాత్రం పెట్టలేదు. మన దేశంలో మనిషిని వెలి వెయ్యాలంటే పెద్దలు కూర్చోవాలి, దండోరా వెయ్యాలి, నిప్పూ నీళ్లూ కట్టడి చెయ్యాలి. ఇక్కడ ఒక గ్లాసు తక్కువ పెడితే చాలు. కొన్నాళ్లకు తెలెస్ఫోర్ రావడం మానేశాడు. హోటల్లో ఎవరైనా వట్టి రమ్మూ నిమ్మా అడిగితే అన్నీ తెచ్చి ముందు పెట్టి, ఇది మాత్రం మీరే కలుపుకోవాలి, మా దగ్గర మర్యాద అని చెప్పేవాడు. వాళ్లకది ముచ్చటగా ఉండేది.

మరి ఒకరు కలిపిస్తే చావు వస్తుందన్న మాట మీరు నమ్ముతారా అని అడిగాను. "నమ్మను," అన్నాడు. నాలుగడుగులు వేశాక, "మా అన్నా నమ్మడు. అదేనండి బాధ," అన్నాడు.

ఇప్పుడెందుకు పోతున్నాడంటే, క్లొతేర్‌కు మొన్న వేసవిలో కుడిచెయ్యి పడిపోయిందని చేపలవాళ్ల ద్వారా తెలిసింది. పక్షవాతం రెండోసారి వస్తే మనిషి మిగలడని భయం. "నాకు మందు వద్దండి. నా ముందు ఒక గ్లాసు పెడితే చాలు, ఖాళీదైనా సరే." ఒక్కడే వెళ్తే అన్న సీసానే తియ్యడు. కొత్త మనిషి గడపలోకి వస్తే తియ్యక తప్పదు. అందుకే నన్ను తోడు తెచ్చుకున్నాడు. దాచకుండానే చెప్పాడు.

క్లొతేర్ అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. వలను కాలి బొటనవేలికి తగిలించి, ఎడం చేత్తో ముడి వేస్తున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో మరొకరి వస్తువులా పడి ఉంది. మమ్మల్ని ఇద్దర్నీ చూశాడు. నన్ను మాత్రం రమ్మన్నాడు. "ఎండన పడి వచ్చారు. కూర్చోండి." తెలెస్ఫోర్ మెట్టు మీద కూర్చున్నాడు, పెట్టె పక్కన పెట్టుకుని. చేపల సంగతీ, వంతెన సంగతీ కాసేపు నడిచాయి, అన్నీ నాతోనే. క్లొతేర్ లేచి లోపలికి వెళ్లాడు.

లోపల గ్లాసులు కదిలిన చప్పుడు. తెలెస్ఫోర్ తల వంచి వింటున్నాడు. ఐసు చప్పుడు వింటూ బతికిన చెవి కదా. నా వైపు తిరిగి, పెదాలు మాత్రం కదిపి, "మూడు," అన్నాడు.

ఒంటిచేతి మనిషి కాబట్టి క్లొతేర్ విడతలు విడతలుగా తెచ్చాడు. ముందు సీసా. తర్వాత నిమ్మకాయలూ కత్తీ పాకం గిన్నే ఉన్న పళ్లెం. తర్వాత కవ్వం. ఆఖరున వేళ్ల మధ్య ఇరికించుకుని మూడు గ్లాసులు. బల్ల మీద వరసగా పెట్టాడు. తెలెస్ఫోర్ టోపీ తీసి లేచి వచ్చాడు. కుర్చీ వెన్ను మీద చెయ్యి వేశాడు.

క్లొతేర్ ఒక గ్లాసులో వేలెడు రమ్ము పోశాడు. దాన్ని తీసుకెళ్లి కిటికీ గట్టు మీద, తలకు పువ్వుల గుడ్డ కట్టుకున్న ఒక ఆడమనిషి పటం ముందు పెట్టాడు. రోజూ పెట్టే చోటని గట్టు మీది గుండ్రటి మచ్చలే చెప్పాయి. వెనక్కి వచ్చి కూర్చుని, ఒక గ్లాసు నా ముందుకు జరిపి, రెండోది తన ముందు పెట్టుకున్నాడు.

తెలెస్ఫోర్ చెయ్యి కుర్చీ మీద కాసేపు అలాగే ఉంది. తర్వాత వెళ్లి మళ్లీ మెట్టు మీద కూర్చున్నాడు.

"మీది మీరు కలుపుకోండి," అన్నాడు నాతో క్లొతేర్. ఈ ఊళ్లో అంతకు మించిన స్వాగతం లేదు. కలుపుకున్నాను.

ఆయన తనది మొదలుపెట్టాడు. పట్టుకునే చెయ్యి లేకపోవడంతో కత్తి పెట్టగానే నిమ్మకాయ దొర్లింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ దొర్లి, బల్ల దిగి, అరుగు వాలున పోయి మెట్టు దగ్గర తమ్ముడి కాలికి తగిలి ఆగింది. నేను లేవబోయాను. తెలెస్ఫోర్ కళ్లతోనే వద్దన్నాడు. కాయను తీసి, చొక్కాకు తుడిచి, తెచ్చి పళ్లెంలో పెట్టాడు. కొయ్యలేదు. వెనక్కి వెళ్లి, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నపిల్లలు అలా కూర్చుంటారు, ఏదో ముట్టుకోవద్దన్నప్పుడు.

క్లొతేర్ కాయను మోచేత్తో అదిమిపెట్టి ఎలాగో పక్క చెక్క కోశాడు. పాకం సగం బల్ల మీద పడింది. రమ్ము పోశాడు. ఇక కవ్వం. దాన్ని తిప్పాలంటే రెండు అరచేతులూ కావాలి. ఎడం చేత్తో నిలబెట్టి పట్టుకుని, చాలాసేపు దాన్నే చూశాడు. రోజూ ఏం చేస్తున్నాడో తెలియదు. చెంచాతో కలుపుకుంటున్నాడో, అసలు తాగడమే మానేశాడో. ఇంటికి మనిషి వచ్చాడని ఈ రోజు కవ్వం తెచ్చాడు.

గ్లాసును మెల్లిగా బల్ల అంచుకు, మెట్టు వైపు, జరిపాడు.

"కలుపు," అన్నాడు.

తెలెస్ఫోర్ పెట్టె తెరవలేదు. తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కుని వచ్చాడు. కొంచెం పాకం వేశాడు. నిలబడే, కవ్వాన్ని అరచేతుల మధ్య పెట్టి తిప్పాడు. ఐసు లేదు, పండు లేదు, మరే హంగూ లేదు. గ్లాసులో చిన్న సుడి లేచింది. క్లొతేర్ ఆ చేతుల్నే చూస్తూ అడిగాడు:

"ఆ రోజు ఆమెకేం కలిపావు?"

"కొబ్బరిపాలు. అనాస. కొంచెం మందు. పైన జాజికాయ."

"బాగుందందా?"

"అంది."

"నాతోనూ అంది. నువ్వు మళ్లీ వస్తే ఇంకోసారి కలిపించుకుంటానంది." గ్లాసు అందుకుని సగం తాగాడు. కళ్లు మూసుకుని తెరిచాడు. "తీపెక్కువైంది. హోటలు చెయ్యి."

"ఈసారి తగ్గిస్తాను," అన్నాడు తెలెస్ఫోర్.

క్లొతేర్ వాగులో దొర్లుతున్న రాళ్ల గురించి నాతో మాట్లాడడం మొదలుపెట్టాడు. ఈసారి కాస్త తడబడ్డాడు, ఒకే రాయి సంగతి రెండుసార్లు చెప్పాడు. వెనక కిటికీ దగ్గర ఏదో సన్నగా గీరిన చప్పుడు వినిపించింది. తిరిగి చూడడం మర్యాద కాదనిపించి చూడలేదు.

అవతల వ్యాను హారను మోగింది. దారి ఏర్పడినట్టుంది. నేను లేస్తుంటే క్లొతేర్ సీసా నా వైపు జరిపాడు. పయనం చుక్క పోసుకుని తాగి, తిరిగి చూసేసరికి మెట్టు ఖాళీగా ఉంది. కిటికీ గట్టు మీది గ్లాసులో, కదలని రమ్ము పైన, అప్పుడే గీరిన జాజికాయ పొడి తేలుతోంది.

క్లొతేర్ కూడా చూశాడు. నన్ను చూడకుండా అన్నాడు: "ఇంట్లో ఉన్నవి మూడేనండి. మిగతావి ఆమె చనిపోయిన ఏడాది పగలగొట్టాను."

"ఆయనతో చెప్పాల్సింది," అన్నాను.

"వాడు అడగలేదుగా."

కింద బాటలో తెలెస్ఫోర్ వంతెన వైపు పోతున్నాడు. ఒక చేతిలో పెట్టె, ఒక చేతిలో బూట్లు. పిలిస్తే వినపడే దూరమే. బురద అంచుకు వచ్చాక ఒంగి ప్యాంటు అంచులు పైకి మడుచుకున్నాడు, వెనక్కి తిరగకుండా అందులోకి దిగి నడిచిపోయాడు.